రంది తెలియని రోగి

"పాణం మంచిగుంటలేదు సార్. ఆకలైతలేదు. తెల్లారంగ మూడింటికే మెలకువైతుంది, ఇగ నిద్ర పట్టదు. ఏదో రంది."

జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో బహ్రెయిన్‌కు వెళ్లి బిల్డింగుల పనిలో ఉన్న మనిషి, మనామాలో ఏదో క్లినిక్‌లో ఇలా చెప్పాడనుకుందాం. ఎదురుగా ఉన్న యువ డాక్టరు అరబ్బీ మాట్లాడుతూ పెరిగి, ఇంగ్లిషులో వైద్యం చదివినవాడు. ఇద్దరి మధ్య సాయానికి పిలిచిన మలయాళీ నర్సు. ఆమెకు హిందీ వచ్చు, రోగికీ పని నడిచేంత హిందీ వచ్చు. తెలుగు హిందీగా, హిందీ ఇంగ్లిషుగా మారేసరికి రంది ఎక్కడో జారిపోయి "నిద్ర పట్టట్లేదట" అన్న ముక్క ఒక్కటే డాక్టరు చెవిన పడుతుంది. ఆయన నిద్రమాత్ర రాస్తాడు.

డాక్టరుకు చదువు రాలేదనుకోవద్దు. తెల్లవారుజామునే మెలకువ రావడం, తిండి సయించకపోవడం డిప్రెషన్‌కు పాత గుర్తులే, ఏ పాఠ్యపుస్తకం తెరిచినా కనిపిస్తాయి. ఆయనకు కొరవడింది అడిగే విద్య. "రెండు వారాలుగా ఇలాగే ఉందా? ఇంతకుముందు ఇష్టపడి చేసినవి ఇప్పుడు చేయబుద్ధి కావడం లేదా? చచ్చిపోవాలనిపిస్తోందా?" అని మనిషి కళ్లలోకి చూస్తూ అడగాలి. అడిగి ఊరుకోవాలి, అవతలి మౌనాన్ని మనం నింపేయకూడదు. పుస్తకం చదివినంత మాత్రాన ఆవకాయ పెట్టడం వస్తుందా, ఇదీ అంతే.

మనోవైద్యంలో పరికరం మాటే. కత్తి పట్టిన కుర్ర సర్జను పక్కన పెద్ద డాక్టరు నిలబడి చెయ్యి ఎటు పోతోందో చూస్తాడు. కౌన్సెలింగ్ గదిలో అలా కుదరదు. తలుపు మూసుకుంటుంది, లోపల ఇద్దరే ఉంటారు. బయటికొచ్చాక ఏం జరిగిందో గురువుకు చెప్పేది ఆ శిష్యుడే. తాను బాగా అడిగానని అనుకుంటే బాగా అడిగానని చెబుతాడు. అలా అనుకోవడం ఎంత మామూలో 2012లో వెలువడిన ఒక అమెరికన్ సర్వే చూపించింది. 129 మంది మానసిక ఆరోగ్య నిపుణులను, తోటివారితో పోలిస్తే మీ నైపుణ్యం ఎంత అని అడిగారు. సగటు కంటే తక్కువని ఒక్కరూ అనలేదు. పాతిక శాతం మంది తమను పై పది శాతంలో వేసుకున్నారు. లెక్కల మాస్టారు వింటే నవ్వుకుంటాడు. 2016లో వచ్చిన మరో అధ్యయనం ఇంకొంచెం ఇబ్బంది పెడుతుంది. 170 మంది థెరపిస్టులు, వాళ్లు చూసిన 6,591 మంది రోగుల ఫలితాలను ఏళ్ల తరబడి పరిశీలిస్తే, అనుభవం పెరిగేకొద్దీ ఫలితాలు మెరుగవలేదు సరికదా, సగటున రవ్వంత తగ్గాయి. చీకట్లో ఎన్ని వేల బాణాలు వేసినా, ఏది తగిలిందో చెప్పేవాడు లేకపోతే గురి కుదరదు.

ఈ రంగంలోకి సాంకేతికత వచ్చింది ఆ చీకటి గదిలో దీపం పెట్టడానికే. అది కంప్యూటరుతో మొదలు కాలేదు, గ్రామఫోను ప్లేటుతో మొదలైంది. 1940 ప్రాంతంలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త తన కౌన్సెలింగ్ సంభాషణలను రికార్డు చేయించాడు. టేపు ఇంకా వాడుకలోకి రాని రోజులు. మూడేసి నిమిషాలకు ప్లేటు మార్చాలి. 1942లో ఆయన అచ్చు వేసిన పుస్తకంలో ఒక రోగితో జరిగిన ఎనిమిది సంభాషణలూ మాట పొల్లుపోకుండా ఉన్నాయి. అప్పటిదాకా థెరపిస్టు జ్ఞాపకం చెప్పిందే చరిత్ర. ప్లేట్లు విన్న శిష్యులకు తెలిసొచ్చిన సంగతి చిన్నదే, కానీ గుచ్చుకునేది. సలహా ఇవ్వాలని తపించే కౌన్సెలర్, వినడానికి కూర్చున్న కౌన్సెలర్ కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ మాట్లాడుతున్నాడు. వినడమే వృత్తిగా పెట్టుకున్నవాడికి ఇంతకంటే పెద్ద చెంపపెట్టు ఏముంటుంది!

రెండో మలుపు రోగి వైపు నుంచి వచ్చింది. 1963లో లాస్ ఏంజెలిస్‌లో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు, చిత్రకారులకు మోడల్‌గా కూర్చునే ఒక మహిళకు జబ్బు లక్షణాలు నేర్పి, రోగిగా నటింపజేసి విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు. వైద్య విద్యను హాలీవుడ్ చేస్తున్నారని పత్రికలు వెక్కిరించాయి. ఈరోజు ఆ పద్ధతి లేని మెడికల్ కాలేజీకి గౌరవం లేదు. బారోస్ తర్వాత కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీకి వెళ్లి, అక్కడ రూపుదిద్దుకుంటున్న మరో పద్ధతికి పెద్ద దిక్కయ్యాడు. ముందు పాఠం చెప్పి తర్వాత రోగిని చూపించడం కాకుండా, ముందే ఒక రోగి సమస్యను చేతికిచ్చి దాని చుట్టూ విద్యార్థుల చేతే చదివించడం ఆ పద్ధతి. గల్ఫ్ దేశాలు ఉమ్మడిగా 1980లో బహ్రెయిన్‌లో స్థాపించిన అరేబియన్ గల్ఫ్ యూనివర్సిటీ తన వైద్య కళాశాలను మొదటి నుంచీ ఈ పద్ధతిలోనే నడుపుతోంది. అందుకే ఈ కథలో ఆ చిన్న ద్వీపానికి చోటుంది. ముహర్రఖ్ పక్కన బుసైతీన్‌లో ఉన్న ఐర్లండ్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారి వైద్య విశ్వవిద్యాలయం 2004 నుంచి నడుస్తోంది. డాక్టర్లతో పాటు నర్సులనూ తయారుచేస్తుంది. దేశపు సైకియాట్రిక్ హాస్పిటల్ 1930ల నుంచీ ఉంది. అంటే నేర్పే చోటూ, నేర్చుకునేవాళ్లూ, సిమ్యులేషన్ గదులూ అన్నీ అక్కడ ఉన్నాయి.

ఇక యంత్రం సంగతి. కంప్యూటర్‌తో మనసు విప్పి మాట్లాడటం అనగానే అందరూ 1966 నాటి ఎలైజాను తలుచుకుంటారు. ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ రాసిన ఆ ప్రోగ్రామ్ థెరపిస్టు వేషం కట్టింది. నన్నడిగితే దానికంటే ఆసక్తికరమైంది పారీ. 1972లో స్టాన్‌ఫర్డ్‌లో కెన్నెత్ కోల్బీ తయారుచేశాడు. ఆయన స్వయంగా సైకియాట్రిస్టు. పారీ వేసింది రోగి వేషం: అందరూ తనను వెంటాడుతున్నారని అనుమానించే మనిషి. దానితో జరిగిన సంభాషణలను, నిజమైన రోగుల సంభాషణలతో కలిపి 33 మంది సైకియాట్రిస్టులకు చూపిస్తే, ఏది యంత్రమో సరిగ్గా పోల్చింది 48 శాతం సార్లే. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా అంతే వచ్చేది. నిపుణులు బోల్తాపడ్డారని దీన్ని నవ్వులాటగా చెప్పుకుంటారు గానీ, అసలు విషయం వేరు. డాక్టరును తయారుచేయడం కష్టం, నమ్మదగ్గ రోగిని తయారుచేయడం అంత కష్టం కాదని ఆనాడే తేలింది. అనుమానంతో మాట తప్పించే మనిషి ముక్తసరిగా మాట్లాడినా ఎవరికీ తేడా అనిపించదు కదా.

ఆ దారిలోనే 2000ల చివర్లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆల్బర్ట్ రిజ్జో బృందం జస్టిన్, జస్టీనా అనే ఇద్దరు తెర మీది రోగులను తయారుచేసింది. జస్టిన్ మాట వినని కుర్రాడు, జస్టీనా దాడికి గురైన అమ్మాయి. శిక్షణలో ఉన్నవాళ్లు మైకులో ప్రశ్న అడిగితే వాళ్లు జవాబిస్తారు, తల తిప్పుకుంటారు. ఇప్పుడు పెద్ద భాషా నమూనాలు వచ్చాక జవాబులు ముందే రాసిపెట్టే అవసరం లేదు. 2024లో వచ్చిన పేషెంట్-సై అనే పరిశోధనలో, రోగి లోపలి నమ్మకాలను ముందే ఒక పటంగా గీసి, దాన్ని పట్టుకుని మాట్లాడమని యంత్రానికి అప్పగించారు. విద్యార్థి పని ప్రశ్నలతో తవ్వి ఆ దాచిన పటాన్ని బయటికి తీయడం. మంచి ఆట. పదిసార్లు ఓడినా ఎవరికీ గాయం కాదు.

ఈ ఆఖరు మాట దగ్గర కాసేపు ఆగాలి. శిక్షణలో ఉన్నవాళ్లకు అన్నిటికంటే నోరు పెగలని ప్రశ్న ఆత్మహత్య గురించి. అడిగితే ఆ ఆలోచన తలలో పెట్టినట్టవుతుందేమోనని భయం. అడిగినందువల్ల ముప్పు పెరగదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. ఆ సంగతి తెలిసిన డాక్టరు కూడా గదిలో "ఏమైనా... పిచ్చి ఆలోచనలు... అలాంటివేం లేవు కదా?" అని నంగిగా అడుగుతాడు. లేవు కదా అన్నాక ఎవరైనా ఉన్నాయంటారా? "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా అని కూడా అనుకున్నారా?" అని స్థిమితంగా, గొంతు వణకకుండా అడగడం నాలుక చేసే పని. నాలుకకు అలవాటు కావాలి. తెర మీది రోగి ముందు ఇరవై సార్లు అడిగినవాడికి, ఇరవై ఒకటోసారి ఎదురుగా నిజమైన మనిషి ఉన్నప్పుడు మాట తడబడదు. సిమ్యులేషన్ వల్ల ఇంకేమీ ఒరగకపోయినా, ఈ ఒక్కటి చాలు పెట్టిన ఖర్చుకు.

అయితే సాధన ఒక్కటే సరిపోదు, తప్పు ఎక్కడో చెప్పేవాళ్లుండాలి. 2004లో విలియం మిల్లర్ బృందం వ్యసన చికిత్సలో పనిచేసే 140 మందికి, రోగిలో మారాలన్న కోరికను మాటలతో తట్టిలేపే పద్ధతిని నేర్పింది. వర్క్‌షాపు ఒక్కటే అయినవాళ్లలో నేర్చుకున్నది కొన్ని నెలలకు కరిగిపోయింది. తర్వాత ఎవరి సంభాషణలు విని తప్పొప్పులు చెప్పారో, వాళ్లలో నిలిచింది. రెండు రోజుల వర్క్‌షాపు, మధ్యలో భోజనం, చివర సర్టిఫికెట్, గ్రూపు ఫొటో: ఈ తంతు మనకు బాగా తెలుసు. దానివల్ల గోడకు ఫ్రేము వస్తుంది, నోటికి మాట రాదు. ఒక్కో గంట సంభాషణ విని మార్కులు వేయడానికి అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది కాబట్టి ఇన్నాళ్లూ ఇది ఎక్కడా సాగలేదు. ఇప్పుడు అమెరికాలో లిస్న్ లాంటి సంస్థలు ఆ పని యంత్రానికి అప్పగిస్తున్నాయి. ఎన్ని ప్రశ్నలు అవును, కాదు అని ముగిసేవి, ఎన్ని మనిషిని మాట్లాడించేవి, రోగి చెప్పిన మాటను తిరిగి అతనికే అందించినవి ఎన్ని, అన్నీ లెక్కగట్టి చూపిస్తుంది. రోజర్స్ ప్లేట్లు చేసిన పనే, కాకపోతే ప్లేట్లు మార్చేవాడు అక్కర్లేదు.

సాంకేతికత అంటే కొందరికి కళ్లకు కట్టుకునే వీఆర్ పెట్టె గుర్తొస్తుంది. దాని గురించి నాకు అంత ఉత్సాహం లేదు, కారణం ఉంది. రోగి అనుభవాన్ని మనకు రుచి చూపించే అలాంటి అనుకరణ చెవులతో ఇదివరకే జరిగింది. యవ్వనంలోనే స్కిజోఫ్రీనియా అని నిర్ధారణ అయి, ఆ తర్వాత చదివి మనస్తత్వవేత్త అయిన ప్యాట్రిషియా డీగన్ ఒక శిక్షణ రూపొందించింది. చెవుల్లో తిట్టే గొంతులు వినిపిస్తుండగా ఫారాలు నింపాలి, ప్రశ్నలకు జవాబు చెప్పాలి. రోగి పడే యాతన అర్థమవుతుంది, సందేహం లేదు. కానీ ఇలాంటి అనుకరణల మీద జరిగిన అధ్యయనాల్లో ఒక చిత్రం బయటపడింది. పాల్గొన్నవాళ్లలో సానుభూతి పెరిగింది, దాంతోపాటే అలాంటి మనిషికి కాస్త దూరంగా ఉండాలన్న కోరికా పెరిగింది. భయపెట్టి జాలి నేర్పితే, జాలితో పాటు భయమూ మిగులుతుంది.

ఇప్పుడు బహ్రెయిన్‌కు తిరిగి వద్దాం. జనాభా 15 లక్షల పైచిలుకు. అందులో సగానికి పైగా బయటి దేశాలవాళ్లే. మూడు లక్షలకు పైగా భారతీయులు. అంటే అక్కడ తయారయ్యే డాక్టరు, నర్సు, కౌన్సెలర్ వృత్తి జీవితమంతా అరబ్బీ, ఇంగ్లిషు రెండింటితోనే వెళ్లదీయలేరు. మలయాళం, బెంగాలీ, ఉర్దూ, తెలుగు, తగలోగ్ అన్నీ తలుపు తడతాయి. శిక్షణ ఇచ్చే తెర మీది రోగి మాత్రం చక్కటి ఇంగ్లిషు మాట్లాడుతుంది. అడిగినదానికి పూర్తి వాక్యంలో జవాబిస్తుంది. తన బాధకు తనే పేరు పెట్టుకుంటుంది. అంత పద్ధతైన రోగి ఏ దేశంలో ఉన్నాడు?

యంత్రానికి తెలుగు రాదనను. తెలుగులో రోగిలా మాట్లాడమంటే మాట్లాడుతుంది. "నేను తీవ్రమైన విచారాన్ని అనుభవిస్తున్నాను" లాంటి వాక్యం రాసిపెడుతుంది. మన ఇళ్లలో ఎవరైనా అలా అన్నారా? గోదావరి జిల్లా మనిషి బెంగగా ఉందంటాడు. తెలంగాణ మనిషి రంది అంటాడు. కడప నుంచి వెళ్లినాయన "బతుకు యాష్టకొచ్చింది" అంటాడు. ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. బెంగకు ఒక చిరునామా ఉంటుంది: బిడ్డ మీద బెంగ, ఊరి మీద బెంగ. ఫోనులో బిడ్డ నవ్వితే కాసేపు తగ్గుతుంది కూడా. దిగులుకు చిరునామా ఉండనవసరం లేదు. రంది తొలుస్తుంది. "రంది పడకు" అంటే మామూలు ఓదార్పే, "రంది పెట్టుకున్నడు" అంటే మాత్రం ఇంట్లోవాళ్లు కంగారు పడాల్సిన మాట. "యాష్టకొచ్చింది" విన్న కౌన్సెలర్ తర్వాతి ప్రశ్నగా చావు గురించి అడిగి తీరాలి. గల్ఫ్ వెళ్లిన ప్రతివాడికీ బెంగ ఉంటుంది, అది జబ్బు కాదు, దానికి మాత్ర రాస్తే తప్పు. బెంగ ఎప్పుడు డిప్రెషన్ అయిందో పట్టుకోలేకపోయినా తప్పే. ఈ రెండింటి మధ్య గీత గీయడమే అక్కడి మనోవైద్యుడికి కావాల్సిన పనితనం. అరబ్బీలోనూ ఇంతే. బాధను దీఖ్ అంటారు, అంటే ఇరుకు. ఛాతీ ఇరుకుగా ఉందన్న మనిషిని గుండె డాక్టరు దగ్గరికి పంపాలా, కూర్చోబెట్టి మాట్లాడించాలా అని అక్కడి వైద్యులకు తెలుసు, ఎందుకంటే అది వాళ్లమ్మ మాట్లాడిన భాష.

నిద్ర ఊసెత్తినవాణ్ని మాట్లాడించాలని బహ్రెయిన్ వైద్యలోకానికి ఒకరు చెప్పనక్కర్లేదు. కోవిడ్ కాలపు నిద్ర సమస్యల మీద 13 దేశాలకు చెందిన 54,231 మంది వివరాలను గుదిగుచ్చి 2021లో వెలువడిన విశ్లేషణకు ముందు నిలిచిన హైథమ్ జహ్రామీ బహ్రెయిన్ పరిశోధకుడే. మొత్తం మీద 35.7 శాతం మందికి నిద్ర చెడిందని అందులో తేలింది. మన సిరిసిల్ల మనిషి మూడింటికే లేచానన్నప్పుడు ఆ తలుపు తెరుచుకునే ఉంది. లోపలికి అడుగు పెట్టడానికి మాట దొరకలేదు.

మాట దొరికితే ఏమవుతుందో చూడటానికి పశ్చిమ గోదావరి దాకా రావాలి. గోదావరి జిల్లాల నుంచే కదా ఎందరో ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ వెళ్లేది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పల్లబ్ మౌలిక్ బృందం అక్కడ 30 గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి శిక్షణ ఇచ్చింది. వాళ్లు ఇంటింటికీ వెళ్లి, జనం భాషలోనే ప్రశ్నలు అడిగి, 5,007 మందిని చూసి, 238 మందికి సాయం అవసరమని గుర్తించారు. పి.హెచ్.సి. డాక్టరు చేతిలోనూ ట్యాబే, ఏ లక్షణానికి ఏం చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం అడుగడుగునా చెబుతుంది. మానసిక బాధతో వైద్యం కోసం వెళ్లేవాళ్లు అంతకుముందు 0.8 శాతం, ఆ తర్వాత 12.6 శాతం అని 2017లో ప్రచురించారు. పోల్చి చూసేందుకు మరో గుంపు లేని చిన్న అధ్యయనమే, ఒప్పుకోవాలి. అయినా ఒక సంగతి స్పష్టం. ట్యాబ్ ఆశాను డాక్టరును చేయలేదు. ఏం అడగాలో ట్యాబ్ చెప్పింది, ఎలా అడగాలో ఆమెకు పుట్టుకతో వచ్చింది.

బహ్రెయిన్‌లో ఇదంతా చేయాలంటే ఇంకో చిక్కు ఉంది, రహస్యం. చిన్న ద్వీపం, అందులో తెలుగువాళ్లు ఇంకా చిన్న ద్వీపం. ఒక రూములో ఆరుగురు, ఒకే ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు. కౌన్సెలింగ్‌ను రికార్డు చేసి గురువుకు వినిపిస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? గొంతు విని పోల్చేస్తారన్న భయం ఉట్టిది కాదు. చట్టం ఉంది. 2018 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2019 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది, ఆరోగ్య వివరాలకు అందులో ప్రత్యేక కట్టుబాట్లున్నాయి. అదే ఏడాది అమెజాన్ తన డేటా కేంద్రాలను అక్కడ తెరిచింది కాబట్టి, రికార్డులు దేశం దాటకుండా ఉంచడం సాంకేతికంగా కష్టం కాదు. కానీ క్యాంపులో ఉండే మనిషికి సర్వరు ఎక్కడుందో అనవసరం. తన మాట మేస్త్రీ చెవిన పడుతుందా లేదా, అంతే. అందుకే నిజమైన రోగిని రికార్డు చేయడం కంటే, రోగిగా నటించేవాళ్లతో సాధన చేయించడం ఇక్కడ ఎక్కువ మర్యాద.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2022లో అందుబాటులోకి తెచ్చిన ఈక్విప్ అనే వేదిక ఈ దారినే నడుస్తోంది. దానికి పునాదిగా నిలిచిన కొలమానాన్ని బ్రాండన్ కోర్ట్ బృందం నేపాల్‌లో తయారుచేసింది. ఒకరు రోగిగా నటిస్తారు, ఒకరు సాయం చేస్తారు, మూడోవాళ్లు ట్యాబ్ పట్టుకుని చూస్తారు: కళ్లలోకి చూశాడా, తీర్పు చెప్పకుండా విన్నాడా, ఆత్మహత్య గురించి అడిగాడా. ఖరీదైన యంత్రం అక్కర్లేదు. కావాల్సింది నటించే మనిషి, ఆ భాషలో.

బహ్రెయిన్‌లోని మన నర్సులకు, కౌన్సెలర్లకు, అక్కడి తెలుగు కళా సమితికి నా విన్నపం ఇదే. మనవాళ్లు ఏ దేశం వెళ్లినా వెంట తీసుకెళ్లేవి రెండు, పచ్చడి జాడీ, నాటకాల పిచ్చి. పరిషత్తుల్లో బహుమతులు కొట్టినవాళ్లు కూడా గల్ఫ్‌లో ఫోర్‌మన్లుగా, స్టోర్‌కీపర్లుగా ఉంటారు. ఆ వైద్య కళాశాలల తలుపు తట్టి, తెలుగు రోగి కావాలా అని అడగండి. ఒక కుర్చీలో మీరు, ఎదురుగా విద్యార్థి, మధ్యలో దుబాసీగా నర్సు. పది నిమిషాల పాత్ర. అయ్యాక ఆ దిగులు మీకే అంటుకోకుండా, వేషం విప్పేసి మామూలు కబుర్లలో పడేదాకా ఎవరో ఒకరు మీతో కూర్చోవాలి, ఆ ఏర్పాటు ముందే అడగండి. డైలాగులు బట్టీ పట్టక్కర్లేదు. మీ ఊళ్లో ఎలా అంటారో అలాగే అనండి.